వస్తువు పాడైంది, చేతిలో డబ్బు లేదు: కంగారు పడకుండా ఏం చేయాలి

వాషింగ్ మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎప్పుడూ ఆగదు. బట్టలు లోపల ఉండి, నీళ్లు నిండుగా ఉండి, అదీ నెలలో ఇరవయ్యో తారీఖు దాటాకే ఆగుతుంది. ఫ్రిజ్ ఇంకా మొండిది. రాత్రి ఏ జామునో ఆగిపోయి, పొద్దున మనం తలుపు తీసి, లైటు వెలుగుతూనే ఉంది కానీ చల్లదనం లేదని గమనించేదాకా నోరు మెదపదు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, అప్పటికే అద్దె, ఫీజులు, బిల్లులు కట్టేసి మిగిలిన డబ్బును రోజులకు పంచుకుంటున్న ఇంటి మీదే ఈ ఖర్చు వచ్చి పడుతుంది.

ఇన్నేళ్లలో ఇలాంటివి చాలా పడ్డాను. కొన్నిసార్లు తెలివిగా బయటపడ్డాను, కొన్నిసార్లు తొందరపడి డబ్బు పోగొట్టుకున్నాను. వస్తువు పాడవడం వల్ల పోయే డబ్బు కంటే ఆ రోజు మనం పడే కంగారు వల్ల పోయేదే ఎక్కువని నాకు అలా తెలిసొచ్చింది. కంగారులో మొదట ఫోన్ ఎత్తిన మెకానిక్‌నే పిలుస్తాం, అతను చెప్పినదానికల్లా తలూపుతాం, లేదంటే 'దీనికి ఇంకెన్నిసార్లు పెడతాం' అని విసుగెత్తి వాయిదాల మీద కొత్తది తెచ్చేస్తాం. పాడైంది వస్తువు మొత్తం కాదు, దాదాపు ప్రతిసారీ అందులో ఒక ముక్క. ఆ ముక్క ఏమిటో తెలిస్తే సగం టెన్షన్ అక్కడే తగ్గిపోతుంది.

మొదటి గంటలో

ముందు స్విచ్ ఆపి ప్లగ్ తీసేయండి. కాలిన వాసన వచ్చినా, పొగ వచ్చినా, ముట్టుకుంటే జివ్వుమన్నా 'ఇంకోసారి వేసి చూద్దాం' అనే ఆలోచనే వద్దు. షాక్ కొట్టే వస్తువైతే మెయిన్ ఆపాకే ప్లగ్ దగ్గరకు వెళ్లండి.

వాసనా పొగా లేకుండా ఊరికే ఆగిపోతే, అదే సాకెట్‌లో వేరే వస్తువేదైనా పెట్టి చూడండి. నవ్వొస్తుంది గాని, పాడైంది వస్తువు కాదు సాకెట్ అని తేలిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీటర్ దగ్గర ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్) కిందికి పడిందేమో, ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో వైరు వదులైందేమో, ప్లగ్ పిన్ను నల్లబడిందేమో చూడండి. పిన్ను నల్లబడితే లోపల వదులుగా ఉండి వేడెక్కుతోందని అర్థం. ఆ సాకెట్ మార్చకుండా ఎంత మంచి వస్తువు పెట్టినా మళ్లీ అదే కథ.

తర్వాత ఫోన్ తీసి మూడు పనులు చేయండి. వస్తువు వెనకాలో తలుపు లోపలో అంటించిన స్టిక్కర్‌ను ఫొటో తీయండి, మోడల్ నంబర్ దాని మీదే ఉంటుంది. వింత శబ్దం వస్తుంటే వీడియో తీయండి, ఎందుకంటే మెకానిక్ వచ్చిన క్షణంలో ఆ శబ్దం మాయమవడం ఖాయం. తెర మీద ఏవైనా అక్షరాలు, అంకెలు మెరుస్తుంటే రాసుకోండి. అవి ఎర్రర్ కోడ్‌లు, మాన్యువల్ చివరి పేజీల్లో వాటి అర్థం ఉంటుంది, మాన్యువల్ పోతే మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో వెతకవచ్చు.

ఇంకోటి, వారంటీ అయిపోయిందని మీ అంతట మీరే తేల్చేసుకోవద్దు. చాలా కంపెనీలు వస్తువు మొత్తానికి తక్కువ కాలం, ఫ్రిజ్ కంప్రెసర్‌కో వాషింగ్ మెషీన్ మోటార్‌కో చాలా ఎక్కువ కాలం వారంటీ ఇస్తాయి. ఆ ముక్క ఉచితంగా ఇచ్చి, కూలీ, గ్యాస్ మాత్రం మన మీద వేయడమూ ఉంటుంది, అదీ ముందే అడగండి. బిల్లు దొరక్కపోతే కొన్నప్పటి బ్యాంక్ మెసేజ్, ఆన్‌లైన్ ఆర్డర్ చరిత్ర వెతకండి.

ఇల్లు నడవడానికి కాస్త గడువు సంపాదించండి

ఫ్రిజ్ ఆగితే తలుపు తీసి మూయడం మానేయండి. మూసి ఉంచిన ఫ్రిజ్ దాదాపు 4 గంటలు చల్లదనాన్ని నిలుపుకుంటుంది, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం నిండినదైతే 24 గంటలు. ఇంట్లో ప్రతి ఒక్కరూ వచ్చి 'చల్లగా ఉందా?' అని తీసి చూస్తే ఈ లెక్క పనిచేయదు. పాలు, మాంసం, వండిన పదార్థాలు 4 డిగ్రీలు దాటిన వేడిలో 2 గంటలకు మించి ఉంటే పారేయాల్సిందే. మళ్లీ మరిగిస్తే సరిపోతుందిలే అనుకోవద్దు, కొన్ని బ్యాక్టీరియా వదిలే విషం మరిగించినా పోదు. పొదుపు అంటే ఆసుపత్రి ఖర్చు తెచ్చుకోవడం కాదు. ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ ఉంటే అన్నింటికంటే ముందు దాని సంగతి చూడండి. వాడకం మొదలుపెట్టనిది 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకడితే ఇక పనికిరాదు కాబట్టి ఐస్‌కు నేరుగా తగిలేలా పెట్టకూడదు. పక్కింటి వాళ్ల ఫ్రిజ్‌లో ఒక మూల అడగడానికి మొహమాటం ఎందుకు, రేపు వాళ్లకూ మీ ఫ్రిజ్‌తో పని పడవచ్చు.

వాషింగ్ మెషీన్, ఓవెన్, వాక్యూమ్ క్లీనర్ లాంటివైతే అంత అర్జెంటు లేదు. నేనైతే రెండు వారాలు అది లేకుండా నడిపి చూస్తాను. రెండు వారాల్లో ఎన్నిసార్లు అది లేక నిజంగా ఇబ్బంది పడ్డామో అదే చెబుతుంది, ఎంత ఖర్చు పెట్టవచ్చో. మా ఇంట్లో ఓవెన్ పాడైన మూడు నెలలకు గాని అది పాడైన సంగతే ఎవరికీ గుర్తు రాలేదు, ఇక దాన్ని బాగు చేయించలేదు. బట్టల విషయంలో మాత్రం నాలుగో రోజుకే నడుము ఏం చేయాలో చెప్పేసింది.

మనమే చూసుకోదగ్గవి

వాషింగ్ మెషీన్‌తో మొదలుపెడతాను, నేను సిగ్గుపడిన సంగతి అక్కడే ఉంది. ఒకసారి మా మెషీన్ నీళ్లు వదలడం మానేసింది. మోటార్ గుర్రుమంటుంది, నీళ్లు కదలవు. పంపు కాలిపోయిందని నేనే నిర్ధారించుకుని మెకానిక్‌ను పిలిచాను. అతను కింద మూలన చిన్న మూత తీసి, ఒక గుండ్రటి బిళ్ళ తిప్పి, లోపల వేలు పెట్టి ఒక నాణెం బయటికి తీసి, 'ఇదిగోనమ్మా, మీ మెషీన్ జబ్బు' అని నా చేతిలో పెట్టాడు. ఐదు నిమిషాలు పట్టలేదు. వచ్చినందుకు ఛార్జీ మాత్రం పూర్తిగా ఇచ్చాను, అతని తప్పేం లేదు కదా.

ముందు తలుపున్న మెషీన్లలో ఆ డ్రెయిన్ ఫిల్టర్ ఎక్కువగా కింద కుడి మూలలోనో ఎడమ మూలలోనో ఉంటుంది. ప్లగ్ తీసి, లోపల వేడినీళ్లు ఉంటే చల్లారనిచ్చి, కింద పాత టవల్ పరిచి, లోతు లేని పళ్లెం ఒకటి పెట్టండి. కొన్నింట్లో పక్కనే చిన్న రబ్బరు గొట్టం కూడా ఉంటుంది, ముందు దాని బిరడా తీస్తే నీళ్లు పద్ధతిగా వస్తాయి. ఆ తర్వాత బిళ్ళను ఎడమవైపుకి నెమ్మదిగా, పావు మలుపు చొప్పున తిప్పండి. ఒక్కసారిగా తీస్తే వంటగది దాకా వరదే. పళ్లెం నిండగానే మళ్లీ బిగించి, పారబోసి, మళ్లీ తిప్పండి, ఐదారుసార్లు పడుతుంది. బయటికి వచ్చాక దాన్ని చూసి ముక్కు మూసుకుంటారు, ఫర్వాలేదు, దారాలు, వెంట్రుకలు, గుండీలు, హెయిర్‌పిన్నులు, ఒక్కోసారి చిన్నపిల్లల సాక్స్. అది ఉన్న గూట్లో టార్చి వేసి చూడండి, చిన్న రెక్క కనిపిస్తుంది, వేలితో కదిపితే కాస్త పట్టుగా తిరగాలి. అసలు కదలకపోతే దానికేదో చుట్టుకుంది. పని అయ్యాక బిళ్ళ గట్టిగా బిగించి, కొంచెం నీళ్లు పోసి కారడం లేదని చూసుకున్నాకే బట్టలు వేయండి.

నీళ్లు నిండటం ఆలస్యమైతే ట్యాప్ వైపు పైపు విప్పండి, మెషీన్‌కు తగిలే చోట చిన్న జల్లెడ ఉంటుంది, ఇసుకో తుప్పో పట్టి ఉంటుంది, పాత టూత్‌బ్రష్ చాలు. స్పిన్ దగ్గర ఆగిపోతుంటే ఒకే పెద్ద దుప్పటి వేశారేమో చూడండి, బరువంతా ఒకవైపు చేరితే మెషీన్ తనను తాను కాపాడుకోవడానికే ఆగుతుంది. మూత సరిగా పడకపోయినా అంతే. డిటర్జెంట్ విషయంలో చేయి జారితే నురగ ఎక్కువై అదో గొడవ, ప్యాకెట్ మీద రాసినదానికంటే కాస్త తక్కువే వేసి చూడండి, బట్టలకు ఏ తేడా తెలియకపోతే అదే మీ కొలత.

ఇక ఫ్రిజ్. చల్లదనం తగ్గిందంటే చాలామంది నోట ముందు వచ్చే మాట గ్యాస్ అయిపోయిందని. ఫ్రిజ్‌లో గ్యాస్ వాడకం వల్ల అయిపోదు, ఎక్కడో కారితేనే పోతుంది. కాబట్టి ఎవరైనా 'గ్యాస్ నింపితే చాలు' అంటే, కారే చోటు ఎక్కడో కనిపెట్టి మూసి నింపుతారా అని అడగండి. అది మూయకుండా నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే.

గ్యాస్ మాటకు ముందు ఒక కాగితం ముక్క పరీక్ష చేయండి. తలుపు అంచుకీ ఫ్రిజ్‌కీ మధ్య కాగితం పెట్టి మూసి లాగండి. పట్టుగా ఉంటే రబ్బరు బాగున్నట్టు, జారి వచ్చేస్తే అక్కడ చల్లటి గాలి బయటికి పోతున్నట్టు. తలుపు చుట్టూ పది చోట్ల చేయండి, కింది మూలల్లో ఎక్కువగా దొరుకుతుంది. రబ్బరు మురికిగా ఉంటే సబ్బునీళ్లతో తుడవండి, వంకర తిరిగితే గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డ అద్ది సరిచేయండి, చిరిగితే రబ్బరు ఒక్కటే మార్పించుకోవచ్చు. తర్వాత వెనక చూడండి. నల్లటి తీగల జాలీ లాంటిది బయటికి కనిపించే మోడల్ అయితే దాని మీద దుమ్ము దుప్పటిలా పేరుకుని ఉంటుంది. లోపలి వేడి బయటికి పోయే దారి అదే, దుమ్ము పడితే కంప్రెసర్ ఆపకుండా తిరుగుతుంది, బిల్లు పెరుగుతుంది, దాని ఆయుష్షు తగ్గుతుంది. ప్లగ్ తీసి మెత్తటి బ్రష్‌తో దులిపేయండి. గోడకు ఆనించి పెట్టినా ఇదే ఇబ్బంది, కాస్త జాగా వదలండి. ఫ్రిజ్ లోపల అడుగున నీళ్లు నిలుస్తుంటే వెనక గోడ కింద ఉండే చిన్న రంధ్రం పూడుకుపోయి ఉంటుంది, గోరువెచ్చటి నీళ్లు కొద్దిగా పోస్తే తెరుచుకుంటుంది.

ఐస్ గడ్డలు మాత్రం కత్తితో గీకవద్దు. గీకితే ఏమవుతుందో నాకు తెలుసు. ఫ్రీజర్ గోడకు చిల్లు పడి, సుయ్‌మని గ్యాస్ పోతుంటే కత్తి పట్టుకుని నిలబడి చూసిన మనిషిని నేనే. ఆ రోజు ఫ్రిజ్ ఆపేసి, తలుపు తెరిచి, కింద గుడ్డలు పరిచి మూడు గంటలు ఆగి ఉంటే ఖర్చు సున్నా. పైగా ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్600ఎ అనే గ్యాస్ ఉంటుంది, అది మండే గుణమున్న ఐసోబ్యూటేన్. అలా లీకైతే స్విచ్‌లు ముట్టుకోకుండా, మంట వెలిగించకుండా కిటికీలు తెరవాలి. నాకు ఆ సంగతి తర్వాత తెలిసింది.

సీలింగ్ ఫ్యాన్ నెమ్మదించినా, కర్రతో కాస్త తోస్తే గాని తిరగకపోయినా ఎక్కువసార్లు కారణం కెపాసిటరే. మోటార్‌కు తిరిగే ఊపునిచ్చే చిన్న ముక్క అది, చాలా చవక. పాతదాని మీద ఎన్ని మైక్రోఫారడ్లని రాసి ఉందో అంతే తేవాలి, ఎక్కువ పెడితే ఫ్యాన్ ఎక్కువ స్పీడు తిరుగుతుందని ఎవరైనా చెబితే వినవద్దు, మోటార్ లోపలి తీగచుట్ట (వైండింగ్) వేడెక్కుతుంది. మార్చేటప్పుడు గోడ స్విచ్ కాదు, మెయిన్ ఆపాలి. గరగర శబ్దం వస్తే బేరింగులు పోయినట్టు, దాన్ని కొట్టుకే తీసుకెళ్లాలి.

మిక్సీ మధ్యలో ఆగితే అడుగున ఎర్ర బటన్ ఉందేమో చూడండి. బరువు ఎక్కువై వేడెక్కితే అదే బయటికి వచ్చి మోటార్‌ను కాపాడుతుంది, పది పదిహేను నిమిషాలు చల్లారనిచ్చి లోపలికి నొక్కితే చాలు. మోటార్ తిరుగుతూ బ్లేడు తిరగకపోతే మోటార్‌నూ జార్‌నూ కలిపే కప్లర్ అరిగింది. తక్కువలో పోయే పని. చాలా మిక్సీల్లో దాని మర తిరగేసి ఉంటుంది, అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితేనే ఊడుతుంది, తెలియక బలం పెట్టి విరగ్గొట్టుకోవద్దు. మెరుపులు ఎక్కువగా వచ్చి వాసన వస్తే కార్బన్ బ్రష్‌లు అయిపోయి ఉండవచ్చు, అవీ మార్చుకోదగ్గవే.

ఇస్త్రీ పెట్టె ఎక్కువగా పాడయ్యేది వైరు పెట్టెలోకి దూరే చోట, రోజూ మడతపడీ పడీ లోపలి తీగ తెగుతుంది. టేపు చుట్టి నెట్టుకురావద్దు, వైరు మొత్తం మార్పించండి. కెటిల్ నీళ్లు కాగడానికి ఎక్కువసేపు తీసుకుంటే అడుగున తెల్లటి పొర కట్టింది, వెనిగర్ నీళ్లో నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లో కాచి కాసేపు వదిలితే ఊడిపోతుంది. ఏసీ చల్లబడకపోతే ముందు గాలి వడకట్టే జాలీ కడగండి. గ్యాస్ స్టవ్ మంట పసుపుగా వస్తుంటే బర్నర్ రంధ్రాలు పూడుకున్నాయి, నానబెట్టి పిన్నుతో శుభ్రం చేసి బాగా ఆరాక పెట్టండి. టీవీలో మాట వినిపిస్తూ బొమ్మ రాకపోతే చీకట్లో తెర మీద టార్చి వేసి దగ్గరగా చూడండి, మసకగా బొమ్మ కదులుతుంటే పోయింది వెనకాల లైట్లు, ప్యానెల్ కాదు. ప్యానెల్ పగిలితే మాత్రం ఆశ వదులుకోవడమే మంచిది, దాని ఖర్చు కొత్త టీవీ దరిదాపుల్లో ఉంటుంది.

ముట్టుకోకూడనివి కూడా చెప్పాలి. మైక్రోవేవ్ ఓవెన్ వెనక మూత ఎప్పుడూ విప్పవద్దు, ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉంటుంది. గీజర్ సేఫ్టీ వాల్వ్ నుంచి చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా పెట్టడం బాంబు తయారు చేయడమే. గ్యాస్ లీకేజీ సబ్బునురగతోనే చూడాలి, అగ్గిపుల్లతో కాదు, బుడగ కనిపిస్తే రెగ్యులేటర్ కట్టేసి మనిషిని పిలవాలి.

మెకానిక్‌తో మాట్లాడటం

వీళ్లలో నిజాయితీగా పని చేసేవాళ్లే ఎక్కువ, నా అనుభవంలో అయితే. కానీ ఏమీ తెలియని మనిషికి ఎంత చెప్పినా చెల్లుతుందన్నది ఏ పనిలోనైనా ఉన్నదే. అందుకే ఫోన్‌లోనే వచ్చినందుకు ఎంత, రిపేరు అక్కడే చేయిస్తే అది బిల్లులో తగ్గిస్తారా అని అడగండి. మోడల్ నంబర్, ఆ వీడియో ముందే పంపితే సరైన ముక్క తెచ్చుకుంటాడు, రెండోసారి రావడం తప్పుతుంది. వచ్చాక ముందు ఏం పోయిందో, ముక్కకు ఎంత, కూలికి ఎంతో విడివిడిగా చెప్పాకే చేయి వేయమనండి. 'పాత ముక్క నాకు ఇచ్చేయండి' అని మొదట్లోనే నవ్వుతూ అనేయండి, ఆ ఒక్క మాటతో మార్చని ముక్కలు బిల్లులోకి రావు. బోర్డు మార్చాలి అంటే మాత్రం ఆగండి. ఎలక్ట్రానిక్ బోర్డు చాలాసార్లు అన్నింటికంటే ఖరీదైన ముక్క, పోయింది అందులో రిలేనో ఫ్యూజో లాంటి ఒక చిన్న ముక్క అయితే బోర్డును బాగు చేసేవాళ్లు వేరే ఉంటారు. ఇంకో చోట కనుక్కుని చెబుతానంటే ఎవరూ ఏమీ అనుకోరు.

వస్తువు చేత్తో మోసుకుపోగలిగినదైతే ఇంటికి పిలవకుండా మీరే కొట్టుకు తీసుకెళ్లండి. అతను ఇంటికి వచ్చినందుకు ఇచ్చే ఛార్జీతోనే చాలాసార్లు రిపేరు అయిపోతుంది. 2009లో ఆమ్‌స్టర్‌డామ్‌లో రిపేర్ కెఫే అని మొదలైంది, తెలిసినవాళ్లు ఒకచోట కూర్చుని తెలియనివాళ్లతో కలిసి పాడైనవి ఉచితంగా బాగు చేస్తారు. ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. మీ దగ్గర అలాంటిది లేకపోయినా, చేయి తిరిగిన పెద్దాయన ఒకరు ప్రతి వీధిలోనూ ఉంటారు, పలకరించడమే ఆలస్యం.

బాగు చేయించాలా, కొత్తది కొనాలా

రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటి, వస్తువు ఆయుష్షులో సగం అయిపోయి ఉంటే వదిలేయమని అందరూ చెప్పే లెక్క. మంచిదే, కానీ డబ్బు లేని ఇంటికి అది సరిపోదు. నేను ఇలా వేస్తాను. కొత్తది 100 అనుకుందాం, 10 ఏళ్లు వస్తుంది, అంటే ఏడాదికి 10. పాతదాని రిపేరు 35, ఆ తర్వాత ఇంకో 3 ఏళ్లు నడుస్తుందని మెకానిక్ మాట, అంటే ఏడాదికి దాదాపు 12. కాగితం మీద కొత్తదే చవక. కానీ ఆ 100 నా దగ్గర లేదు, వాయిదాల్లో వడ్డీ, ఛార్జీలు కలిపి 115 అవుతుందనుకోండి, ఏడాదికి 11.5. అంటే రెండూ ఇంచుమించు ఒక్కటే, అలాంటప్పుడు నెత్తిన అప్పు లేనిదే ఎంచుకుంటాను. ఆ మూడేళ్లలో కొత్తదానికి నెలనెలా కొంత పక్కన పెట్టుకోవచ్చు కూడా. రిపేరు 15 అయితే ఆలోచించే పనే లేదు. 60 పెడితే రెండేళ్లే నడుస్తుందంటే ఏడాదికి 30, దానికి దండం పెట్టేయడమే.

ఈ లెక్కలో కరెంటు కూడా ఉంది. 1000 వాట్ల వస్తువు గంట నడిస్తే ఒక యూనిట్. 75 వాట్ల మామూలు ఫ్యాన్ 13 గంటలకు ఒక యూనిట్ తింటే, తక్కువ కరెంటుతో నడిచే మోటార్ ఉన్న 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ 33 గంటలకు తింటుంది. రోజంతా తిరిగే ఫ్యాన్ పోతే అందుకే కొత్త రకం గురించి ఆలోచించవచ్చు. వారానికోసారి వాడే మిక్సీకి ఈ లెక్క అక్కర్లేదు, బాగు చేయించుకోండి చాలు.

కొనక తప్పకపోతే సెకండ్ హ్యాండ్ చిన్నతనమేం కాదు. ఫ్రిజ్ అయితే అమ్మేవాళ్ల ఇంట్లోనే నడిపించి చూడాలి, ముందే ఆన్ చేసి ఉంచమని కాదు, ఆపి ఉంచమని చెప్పండి, మీరు వెళ్లాక వేయించి అరగంట కూర్చుంటే కంప్రెసర్ శబ్దం, చల్లబడే తీరు తెలుస్తాయి. కాగితం పరీక్ష అక్కడే చేయండి. తెచ్చేటప్పుడు నిలబెట్టే తీసుకురావాలి, పడుకోబెట్టి తేవాల్సి వస్తే ఇంటికొచ్చాక కొన్ని గంటలు నిలబెట్టి ఉంచాకే ప్లగ్ పెట్టాలి. వాషింగ్ మెషీన్ అయితే ఖాళీగా స్పిన్ వేయించండి, విమానంలా మోత వస్తే బేరింగులు పోయాయి, అది చాలా పని, వదిలేయండి.

కొత్తదే అయితే ఎన్ని బటన్లు ఉన్నాయన్నది వదిలేసి విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయని అడగండి. ఐరోపా యూనియన్‌లో 2021 నుంచి వాషింగ్ మెషీన్ల ముఖ్యమైన ముక్కలు, ఆ మోడల్ అమ్మకం ఆపాక కూడా కనీసం 10 ఏళ్లు అందుబాటులో ఉంచాలని నిబంధన ఉంది. ఫ్రాన్స్ అదే ఏడాది కొన్ని వస్తువుల మీద, ఎంత తేలిగ్గా రిపేరు అవుతుందో 10కి మార్కులు వేసి చూపించడం మొదలుపెట్టింది. మనకు ఆ మార్కులు లేకపోతే రిపేరు చేసే మనిషినే అడగాలి, 'మీ దగ్గరకు ఏది తక్కువ వస్తుంది, వచ్చినా ఏ ముక్కలు దొరుకుతాయి' అని. అమ్మేవాడి కంటే అతనికి బాగా తెలుసు. వడ్డీ లేని వాయిదాలంటే నమ్మేముందు మొత్తం కట్టేది ఎంత, ఇప్పుడే డబ్బిస్తే ఎంత తగ్గిస్తారు, ఈ రెండూ అడగండి. ఆ తేడానే వడ్డీ, పేరు మారిందంతే. అదనపు వారంటీ జోలికి నేను పోను, ఆ డబ్బు కింద చెప్పబోయే డబ్బాలో వేస్తాను.

ఆ డబ్బా సంగతి

వస్తువు పాడవడం అనుకోని ఖర్చు కాదు, ఎప్పుడన్నదే తెలియదు. ఫ్రిజ్ 12 ఏళ్లు వస్తుందనుకుంటే దాని ధరను 144 నెలలతో భాగిస్తే నెలకు డబ్బాలో ఎంత వేయాలో వస్తుంది, వాషింగ్ మెషీన్ 10 ఏళ్లయితే 120తో. ఇంట్లో ఉన్న నాలుగైదు పెద్ద వస్తువులకు ఇలా వేసి కలిపితే గుండె గుభేలుమంటుంది, ముఖ్యంగా అవన్నీ ఇప్పటికే సగం వయసు దాటినవైతే. అంతా పెట్టలేరు, నేనూ పెట్టలేను. కానీ అందులో మూడో వంతు పెట్టగలిగినా రిపేర్లన్నీ అందులోంచే అయిపోతాయి, అప్పు చేయాల్సింది కొత్తది కొన్నప్పుడు మాత్రమే, అదీ తక్కువగా. నెల మొదట్లోనే తీసి పెట్టాలి, చివర్లో మిగిలితే పెడదామంటే మిగలదు. ఏదైనా నెల ఒక వాయిదా తీరిపోతే ఆ మొత్తాన్ని ఇంకో రెండు నెలలు అలాగే డబ్బాలోకి కట్టండి, ఎలాగూ అది లేకుండానే ఇల్లు నడపడం అలవాటైపోయింది కదా.

రెండు మూడు ఒకేసారి పాడైతే ఏది ముందు అన్నది ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోవాలి, ఒక్కరే తేల్చి మిగతావాళ్లకు చెబితే ప్రతిరోజూ గొడవే. మా ఇంట్లో వరస ఇది: ప్రాణానికి ముప్పు ఉన్నవి (షాక్, గ్యాస్) ఆ రోజే, తిండి, మందులు పాడయ్యేవి తర్వాత, ఒంటిచాకిరీ పెంచేవి ఆ తర్వాత, కాలక్షేపానివి ఆఖర్న. ఆ చాకిరీ ఎవరి మీద పడుతుందో వాళ్ల మాటకు రెండు ఓట్లు. ఈ రెండు ఓట్ల పద్ధతి మా అమ్మ పెట్టింది, టీవీ ముందు బాగవ్వాలని మెజారిటీ వచ్చిన రోజు.

పిల్లలకూ సంగతి ఉన్నదున్నట్టు చెప్పేయండి. డబ్బులు లేవని దాచి, వాళ్ల ముందు ఫోన్‌లో మెకానిక్‌తో గొంతు తగ్గించి మాట్లాడితే వాళ్లు ఇంకా ఎక్కువ భయపడతారు. మా వాడికి ఫిల్టర్ శుభ్రం చేసే పని అప్పగించాను, నిధి వేటలా ఉంటుందట వాడికి.

ఒక నోట్‌బుక్ కూడా పెట్టుకున్నాను. వస్తువు, కొన్న తేదీ, మోడల్ నంబర్, ఎప్పుడు ఏ ముక్క మార్చారు, ఎంత తీసుకున్నారు. పెద్ద అక్షరాస్యత అక్కర్లేని పని, కానీ 'పోయినేడాదే మార్చాం కదా ఈ బెల్టు' అని పేజీ తీసి చూపించినప్పుడు మెకానిక్ మొహం చూడాలి. వాషింగ్ మెషీన్ పక్కన టేపుతో ఒక చీటీ అంటించి ఉంది, ఫిల్టర్ తీసిన తేదీలు. కిందటి ఆదివారం తీస్తే రెండు హెయిర్‌పిన్నులు, ఒక చిల్లర నాణెం, నీలం రంగు చొక్కా గుండీ ఒకటి వచ్చాయి. నాణెం మా వాడు జేబులో వేసుకున్నాడు, గుండీ ఏ చొక్కాదో ఇంకా వెతుకుతున్నాం.